పాడు గొంతు, బాణీ కట్టు చేయి

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు కూడలి దాటి, రామానాయుడు స్టూడియో ఉన్న గుట్ట వైపునకు ఎక్కి, అచ్చటినుండి ఫిలింనగరు సందులలోనికి దిగిన వానికి, ఆ పరిసరములలో ఏ మేడ మీదనో, ఏ ఇంటి సెల్లారులోనో, చప్పుడు బయటికి పోకుండ గోడలకు దళసరి మెత్తలు తొడిగిన ఒక చిన్న గదిలో, ప్రతిదినమును ఏదో యొక పాట పుట్టుచున్నదని ఎవరును చెప్పనక్కరలేదు. ఆ పాట రేపో మాపో శ్రీకాకుళములో పెండ్లిపందిట మ్రోగును. ఆదిలాబాదు ఆటోలో మ్రోగును. డల్లాసులో తెలుగువారి వంటింట మ్రోగును. అందులో సగపాలు తరచు స్త్రీ కంఠమే. ఐతే ఆ కంఠము పలికిన స్వరములను నిర్ణయించినది ఎవరు, ఈ చోట వయొలిన్లు ఆగవలెను, ఈ చోట ఊపిరికి ఎడము విడువవలెను అని చెప్పినది ఎవరు అని అడిగినచో, వచ్చు సమాధానములలో స్త్రీ పేరు బహు అరుదుగ వినిపించును. తెలుగు సినిమా స్త్రీకి మైకును సంతోషముగ అందించినది; హార్మోనియము ముందరి ఆసనమును మాత్రము ఇచ్చుటకు నేటికిని వెనుకాడుచున్నది.

ఈ మాట ఎవరిని నిందించుటకును వ్రాయుటలేదు. సుశీలగారు మొదలుకొని జానకిగారి దాక, చిత్రగారు మొదలుకొని సునీతగారి దాక, ఈ పరిశ్రమ తన గాయనులను నెత్తిన పెట్టుకొన్నది, జనులును పెట్టుకొన్నారు. గాయని ఎదుగుదలను గుర్తించుట మనకు తెలిసిన విద్యయే. గొంతు పాకమునకు వచ్చినదనియు, శ్రుతిశుద్ధి కుదిరినదనియు, భావము పండినదనియు విన్నవెంటనే చెప్పగలము. పాటను కల్పించు స్త్రీ ఎదుగుదల అంత తేలికగ చెవికి అందదు. ఏలనన సినిమాపాట మొదటినుండియు పదిమంది సొత్తు. సన్నివేశము దర్శకునిది, నృత్యము నాయకునిది, మాటలు కవివి, గొంతు మరియొకరిది, హక్కులు ఆడియో కంపెనీవి. ఇందరి నడుమ బాణీ కట్టిన మనిషి మనస్సు ఏ మూల నున్నదో వెదకి పట్టుకొనుటకు ఓపిక కావలెను. ఆ ఓపికతో ఒక స్త్రీ మూడు దశాబ్దముల పనిని వినుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశ్యము.

పాశ్చాత్యుల రాక్ సంగీతములో ఇట్టి వెదకులాటకు ఒక సదుపాయము కలదు, అది ఆల్బమ్. ఒకే మనిషి వ్రాసి, ఒకే మనిషి పాడి, ఒకే కాలపు మనఃస్థితి నుండి వెలువరించిన పది పన్నెండు పాటలు ఒక సంపుటముగ లోకము ముందునకు వచ్చును. మూడేండ్లకో నాలుగేండ్లకో మరియొక సంపుటము వచ్చును. ఆ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి వినువానికి ఆ నడిమి కాలములో ఆ మనిషి ఏమి పోగొట్టుకొన్నదో, ఏమి సంపాదించుకొన్నదో స్పష్టముగ తెలియును. కెనడా దేశపు అలానిస్ మోరిసెట్ కౌమారములోనే రెండు పాప్ సంపుటములు వెలువరించి, స్వదేశములో పేరు గడించి, ఆ పేరును అక్కడనే విడిచిపెట్టి, 1995లో ‘జాగ్డ్ లిటిల్ పిల్’ అను సంపుటముతో, కోపమును దుఃఖమును దాచుకొనని మాటలతో, వేరొక మనిషియై నిలిచినది. ఆమెకు అప్పటికి ఇరువదియొక్క యేండ్లు. ఇంగ్లండుకు చెందిన పి.జె. హార్వీ గిటారు చేతబట్టి కఠోరమైన నాదముతో ప్రసిద్ధి గాంచి, 2007లో ‘వైట్ చాక్’ అను సంపుటమునకు వచ్చుసరికి ఆ గిటారును ప్రక్కకు జరిపి, తనకు అంతగ అలవాటు లేని పియానో ముందు కూర్చుండి, పైస్థాయిలో సన్నని గొంతుతో పాడినది. చేతనైన దానిని వదలుకొని చేతకాని దానిని చేపట్టు ఈ సాహసము ఆమెకు సాధ్యమైనదన్న, తన సంపుటములో ఏది ఉండవలెనో నిర్ణయించునది తానే కావుననే. నేను ఈ విదేశీయుల ప్రసక్తి తెచ్చినది వారిని చూచి మనము చిన్నబోవుటకు కాదు. చివరి మాట చెప్పు అధికారమునకును కళాకారిణి ఎదుగుదలకును ఎంత దగ్గరి సంబంధమున్నదో చూపుటకు.

అలానిస్ సంపుటము వెలువడిన ఆ 1995వ సంవత్సరముననే మన ఊరిలో సురేశ్ ప్రొడక్షన్స్ వారి ‘తాజ్‌మహల్’ విడుదలైనది. నిర్మాత డి. రామానాయుడుగారు; దర్శకులు ముప్పలనేని శివగారు; నాయకుడు శ్రీకాంత్‌గారు. సంగీతదర్శకత్వమని వ్రాసిన చోట ఉన్న పేరు ఎం.ఎం. శ్రీలేఖ. అంతకు ముందటి యేడే, 1994లో, దాసరి నారాయణరావుగారి ‘నాన్నగారు’ చిత్రముతో ఆమె సంగీతదర్శకురాలైనారు. బాల్యము ఇంకను విడువని వయసు. కీరవాణిగారి కుటుంబమునకు చెందిన పిల్ల, ఆయనకు చెల్లెలి వరుస. కావున స్వరము ఆమెకు ఇంటిలో దొరికినది. ఐనను ఇంటిలో స్వరము దొరకుట వేరు, లక్షల రూపాయలు ఖర్చగు చిత్రమును, ఆ స్వరమును నమ్మి, ఒక పెద్ద నిర్మాత ఆమె చేతికిచ్చుట వేరు. రామానాయుడుగారు క్రొత్తవారికి ద్వారము తెరచిన నిర్మాతయని లోకము చెప్పుకొనును. ఆ ద్వారమున ఒక బాలికకు సంగీతదర్శకుని ఆసనము చూపినారన్నది, నా దృష్టిలో, ఆయన చేసిన సాహసములలో పెద్దది.

ఆ చిత్రములో మరియొక ఆరంభము కూడ కలదు. ఓరుగల్లు ప్రాంతపు చల్లగరిగ గ్రామమునుండి వచ్చి, ఇంజనీరింగు చదివి, పాటల మీది మోజుతో సినిమా గుమ్మములు త్రొక్కిన చంద్రబోస్ అను యువకుడు తన మొట్టమొదటి సినిమాపాట వ్రాసినది ‘తాజ్‌మహల్’ కొరకే. ఆ యువకుడే 2023 మార్చి నెలలో, ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రములోని పాటకు, కీరవాణిగారితో కలిసి లాస్ ఏంజెలెస్ వేదిక మీద ఆస్కారు అందుకొన్నాడు. ఆ రాత్రి తెలుగునాట ఉప్పొంగని గుండె లేదు. కాని ఆ కవి తొలి మాటలు ప్రేక్షకుని చెవికి చేరినది ఒక బాలిక బాణీతో కూడి యని ఆనాడు ఎవరైన తలచుకొన్నచో, ఆ పండుగకు మరింత కళ వచ్చియుండెడిది. బాలసుబ్రహ్మణ్యముగారును చిత్రగారును పాడిన ఆ యుగళగీతము ముప్పది యేండ్ల తరువాత నేటికిని రేడియోలో వచ్చినప్పుడు, అది ఎవరిదని అడుగకయే జనులు కూనిరాగము తీయుదురు. అడుగకపోవుటయే నాకు బాధ.

పరిశ్రమలో మ్యూజిక్ సిట్టింగు అని ఒక తంతు కలదు. దానిని ఎరుగని పాఠకుని కొరకు కొంచెము వివరముగ చెప్పెదను. ఏలనన ఒక స్త్రీ ఆ గదిలో ఏమి చేయవలసి వచ్చునో తెలిసిననే గాని, ఆమె పాటలోని ధైర్యము మనకు బోధపడదు. దర్శకుడు సన్నివేశము చెప్పును: నాయిక అలిగినది, నాయకుడు బ్రతిమాలుచున్నాడు, వాన వచ్చుచున్నది. సంగీతదర్శకుడు హార్మోనియము మీదనో, ఈ కాలములో కీబోర్డు మీదనో, తానన తందనాన యనుచు ఒక ట్యూను వినిపించును. లేదా అర్థము లేని డమ్మీ మాటలతో పల్లవి పాడి చూపును. దర్శకుడు కన్నులు మూసికొని విని, “ఇంకొకటి చూద్దామండీ” అనును. రెండవది, మూడవది, అయిదవది వినిపింపవలెను. నిర్మాతకు మొదటిది నచ్చును. హీరోకు, ఫోనులో పంపగా, మూడవది నచ్చును. పల్లవి ఒకదానినుండియు చరణము మరియొకదానినుండియు తీసికొనరాదా అని ఎవరో సలహా చెప్పుదురు. ఓకే యైన పిమ్మట కవి వచ్చి ఆ కొలతకు మాటలు అమర్చును. ఒక వర్ధమాన గాయకుడో గాయనియో ట్రాక్ పాడును. తరువాత పేరుగల గొంతు వచ్చి పాడిపోవును. అటుపిమ్మట ప్రోగ్రామింగు, వాద్యములు, మిక్సింగు. ఈ మెట్లన్నిటి యందును సంగీతదర్శకుడు చేయు అసలు పని స్వరకల్పన కంటె మిన్నయైనది: “కాదు, ఇదే బాగున్నది” అని పట్టు విడువకుండుట. పెద్ద మీసముల పెద్దమనుష్యులు చుట్టును కూర్చున్న గదిలో, బొమ్మలతో ఆడుకొనదగిన వయసులో, ఆ మాట అనుటకు ఎంత నిబ్బరము కావలెనో ఊహింపుడు. శ్రీలేఖగారి సంగీతమును గురించి వ్రాసినవారు ఆమె వయసును వింతగ చెప్పి ఊరకున్నారు. వింత వయసులో లేదు, ఆ నిబ్బరములో ఉన్నది.

ఇక్కడ శ్రుతికి సంబంధించిన ఒక సూక్ష్మవిషయము చెప్పక తప్పదు. మన గానసంప్రదాయములో పురుషుని గొంతునకు సాధారణముగ ఒకటి, ఒకటిన్నర శ్రుతి ఒదుగును. స్త్రీ గొంతునకు అయిదు, అయిదున్నర. యుగళగీతము మాత్రము సాధారణముగ ఒక శ్రుతిలోనే నడుచును. నాయకుని గొంతునకు హాయియైన శ్రుతిని పట్టుకొన్నచో నాయిక గొంతు తారస్థాయి అంచులకు ఎగబ్రాకవలెను, లేదా మంద్రములో మునిగిపోవలెను. నాయికకు హాయియైన శ్రుతిని పట్టుకొన్నచో నాయకునికి అదే కష్టము. దశాబ్దములుగ ఏది గెలిచినదో మన చెవులకు తెలియును. తెలుగు చిత్రములలో నాయిక గొంతు ఎప్పుడును ఉన్నతస్థాయిలో, సన్నగ, పసితనముగ వినిపించుటకు అభిరుచి ఒక కారణమైనచో, ఈ శ్రుతి లెక్క మరియొక కారణము. చరణమునకు శ్రుతి మార్చుట, స్త్రీ భాగమునకు వేరు సంచారము కల్పించుట, ఇద్దరికిని నడిమి చోటు వెదకుట అను మార్గములు లేకపోలేదు. శ్రద్ధగల సంగీతదర్శకులు వానిని ఎరుగుదురు. ఐతే తానే పాడగల స్త్రీ బాణీ కట్టునప్పుడు ఈ కష్టము ఆమెకు కాగితము మీది లెక్క కాదు, కంఠములోని నొప్పి. శ్రీలేఖగారు గాయని కూడ. ఆమె యుగళగీతములలో స్త్రీ భాగము పురుషుని వాక్యమునకు కేవలము ప్రతిధ్వనిగ గాక, తన ఊపిరితో తాను నడచినట్లు నాకు వినిపించుటకు హేతువు ఇదేయని నమ్మెదను.

ఈమెకు ముందు ఈ ఆసనమున స్త్రీలు కూర్చుండలేదా యన్న, కూర్చున్నారు. వారి చరిత్ర చిన్నదే గాని ఘనమైనది. ఒంగోలు సమీపమున దొడ్డవరములో పుట్టిన భానుమతిగారు నటించినారు, తన పాట తానే పాడినారు, కథలు వ్రాసినారు, 1953లో ‘చండీరాణి’ చిత్రమును మూడు భాషలలో దర్శకత్వము వహించి తీసినారు. ఆ మరుసటి యేడు ‘చక్రపాణి’ చిత్రమునకు సంగీతము కూర్చినారు. 1968లో సావిత్రిగారు ‘చిన్నారి పాపలు’ చిత్రమునకు దర్శకత్వము వహించినప్పుడు దానికి సంగీతము చేసినవారు పి. లీలగారు, ‘లవకుశ’లో సుశీలగారితో కలిసి తెలుగు ఇంటింటను ధ్వనించిన ఆ గొంతే. ఈ రెండు ఉదంతములను జాగ్రత్తగ పరికించినచో ఒక సంగతి బయటపడును. భానుమతిగారికి భరణీ స్టూడియో స్వంతము. ‘చక్రపాణి’ దర్శకులు ఆమె భర్త రామకృష్ణారావుగారు. లీలగారిని పిలిచినది దర్శకురాలైన మరియొక స్త్రీ. నిర్ణయము చేయు చేయి తనదో తన వారిదో ఐనప్పుడే ఆ ఆసనము దొరికినది. ఇంకను వెనుకకు పోయినచో తరిగొండ వెంగమాంబ కనిపించును. 1730 మొదలు 1817 వరకు జీవించి, బాలవితంతువై లోకము విధించిన నియమములను ధిక్కరించి, తిరుమల కొండ ఎక్కి, పాటలను యక్షగానములను రచించిన ఆ తల్లికి నిర్మాతయు లేడు, నాయకుడును లేడు. వేంకటేశ్వరుడు ఒక్కడే శ్రోత. నేటికిని తిరుమల ఏకాంతసేవలో ముత్యాలహారతి ఆమె పేరుననే జరుగుచున్నది. మాట, పాట, గొంతు మూడును ఒక స్త్రీ సొత్తై యుండుట మన నేలకు క్రొత్త కాదు. వానిని మూడు ముక్కలు చేసి ముగ్గురికి పంచినది సినిమా.

మరల శ్రీలేఖగారి కాలమునకు వత్తము. మద్రాసునుండి చిత్రపరిశ్రమ భాగ్యనగరమునకు తరలివచ్చిన కథ అందరికిని తెలిసినదే. 1976లో అక్కినేనివారి అన్నపూర్ణా స్టూడియో వెలసినది; ఆ తరువాత రాళ్ళగుట్టల నడుమ ఇండ్లును స్టూడియోలును లేచినవి; 1990ల నాటికి ఫిలింనగరు అనునది పరిశ్రమకు చిరునామా యైనది. ఐనను పాట కొరకు చాలకాలము మద్రాసు పోవుచుండిరి. వాద్యకారులు అక్కడ, రికార్డింగు థియేటరులు అక్కడ. శ్రీలేఖగారి ఉద్యోగకాలము సరిగ్గ ఈ రెండు యుగముల సంధిలో మొదలైనది. వయొలిను వరుసలు ఒకే గదిలో కూర్చుండి వాయించు కాలపు చివరి అంచును ఆమె చూచినారు. ఒక్క కంప్యూటరు ముందు ఒక్క మనిషి కూర్చుండి సమస్త వాద్యములను సృష్టించు కాలమును కూడ చూచినారు. 1996లో వెంకటేశ్‌గారి ‘ధర్మచక్రం’, 1998లో ‘శివయ్య’, 2001లో అంధురాలైన నాయిక కథగా వచ్చిన ‘ప్రేమించు’, ఇవన్నియు సురేశ్ ప్రొడక్షన్స్ వారివే. 2007లో ‘ఆపరేషన్ దుర్యోధన’. ఈ జాబితాను చూచినచో ఒక విషయము తేటపడును: తొలి నమ్మకము పెట్టిన సంస్థ మరల మరల పిలిచినది, తక్కిన పెద్ద సంస్థలు అంత తరచుగ పిలువలేదు. తరువాతి కాలములో పెద్ద పోస్టరుల మీద ఆమె పేరు అరుదైనది. ఇంతటి అనుభవము గల పురుషునికి ఇట్లు జరుగునా అని నేను అడుగుచున్నాను. సమాధానము పరిశ్రమ పెద్దలు చెప్పవలెను.

ఆ తరువాత 2022 డిసెంబరు 2వ తేదీన ‘హిట్: ది సెకండ్ కేస్’ విడుదలైనది. శైలేశ్ కొలను దర్శకుడు, అడివి శేష్ నాయకుడు, నాని సమర్పకుడు. హత్యాపరిశోధన కథ, అందులో పాటకు చోటు బహు స్వల్పము. పాటలు శ్రీలేఖగారును సురేశ్ బొబ్బిలియు పంచుకొన్నారు, నేపథ్యసంగీతము వేరొకరిది. అనగా పూర్వము ఒక్క చేతిలో ఉన్న పనిలో ఒక భాగము మాత్రమే ఆమెకు దక్కినది. ఆ భాగములో ఆమె కట్టిన యుగళగీతమును సిద్ శ్రీరామ్, రమ్య బెహరా పాడినారు, మాటలు కృష్ణకాంత్‌వి. చిత్రము విడుదలకు ముందే ఆ పాట ఊరూర వ్యాపించినది.

‘తాజ్‌మహల్’ యుగళగీతమును ఈ పాటను ఒకదాని వెంట ఒకటి వినిన పాఠకునికి నేను చెప్పదలచినది నాకంటె బాగుగ తెలియును. మొదటి దానిలో పల్లవి తన సౌందర్యమును వెంటనే చేతిలో పెట్టును. ఆనాటి మర్యాద ననుసరించి, పల్లవికి చరణమునకు నడుమ వాద్యబృందము నిండుగ వచ్చి ఆ సౌందర్యమును మరల అలంకరించును. ప్రతి ఖాళీయు నింపబడును. బాల్యము అట్లే యుండును, తనకున్న నగలన్నియు ఒక్కసారిగ పెట్టుకొనును. రెండవ దానిలో గొంతులకు ముందుపీట. లయ మెత్తగ నడచును. స్వరము పైకి ఎగురగల చోట ఎగురక, ఒక మెట్టు క్రిందనే ఆగి, శ్రోత దానిని పూర్తిచేసికొనునట్లు విడిచిపెట్టును. సిద్ శ్రీరామ్ గొంతునకు స్వరమును సాగదీసి గమకముతో ఊపు అలవాటు కలదు. ఆ అలవాటునకు ఎంత చోటు ఈయవలెనో, ఎక్కడ పగ్గము బిగింపవలెనో ఆమె ఎరిగినారు. రమ్య బెహరా వచ్చునప్పుడు పాట హఠాత్తుగ పైస్థాయికి పరుగెత్తదు. ఆ గొంతు మాట్లాడినంత సహజముగ దిగివచ్చును. సంగీతములో ఎదుగుదల యన్న నాకు ఇదియే: వేయగలిగిన స్వరమును వేయకుండుట. అది నేర్చుకొనుటకు కొందరికి జీవితకాలము చాలదు.

దీనిని ఆమె అన్నగారి ఛాయయని కొట్టివేయువారు కలరు. కీరవాణిగారి పోకడలు తొలినాటి పాటలలో వినబడినవని నేనును కాదనను. ఒక ఇంటి బిడ్డలకు ఒకే యాస వచ్చుట సహజము. కాని ఆయన పాటలో నిర్మాణము ముందు కనబడును, ఎక్కడ ఏ స్తంభము నిలిపినాడో లెక్క చెప్పగలము. ఈమె ఉత్తమమైన పాటలలో నిర్మాణము వెనుకకు తగ్గి, పాడు మనిషి ముందునకు వచ్చును. ఇది ఛాయ కాదు, వేరొక స్వభావము. దీనిని గురించి సవిస్తరముగ వ్రాయు విమర్శకుడు ఒక్కడైన తెలుగులో పుట్టవలెను.

సినిమాను విడిచి బయట ఆల్బమ్ అను మార్గమును త్రొక్కిన తెలుగు స్త్రీలును కలరు. విజయవాడ నుండి వచ్చి, ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యముగారి ‘పాడుతా తీయగా’ వేదిక మీద గుర్తింపు పొందిన స్మితగారు, 2000 ప్రాంతమున ‘హాయ్ రబ్బా’ సంపుటముతో తెలుగులో పాప్ గాయని యను ఒక క్రొత్త వేషమును ప్రవేశపెట్టినారు. పాత సినిమాపాటలకు క్రొత్త తాళము తొడుగుట ఆమె పద్ధతి. దానిని పెద్దలు ఈసడించినారు, కాలేజీ పిల్లలు కాసెట్లు అరుగునంతగ విన్నారు. సినిమా లేకుండ ఒక ఆడపిల్ల ముఖము కాసెట్టు అట్ట మీద నిలిచి అమ్ముడగునని చూపినది ఆమెయే. అంతవరకు మేలే, కాని పాత పాటలను ఆశ్రయించిన ఆ మార్గము స్వంత రచనకు చేరువగ పోలేదని నా అసంతృప్తి.

ఆ రచన దూరదేశమున పుట్టినది. కాలిఫోర్నియాలోని క్లేర్మాంట్‌లో 1986లో తెలుగు తలిదండ్రులకు పుట్టిన శ్వేతా యల్లాప్రగడ రావు, రాజకుమారి యను పేరుతో లోకమునకు తెలిసిన ఆమె, బాల్యములో కూచిపూడి, భరతనాట్యము, ఒడిస్సీ అభ్యసించినది. పాఠశాలలో ఉండగ ఫ్యూజీస్ బృందపు ‘ద స్కోర్’ విని ర్యాప్ వైపునకు మరలినది. జతులు చెప్పిన నోరు కనుక ర్యాప్ ఆమెకు పరాయిది కాలేదు. ఆమె ఉచ్చారణలో తకిట తధిమి నడక నేటికిని వినిపించును. మొదట ఇతరుల కొరకు వ్రాసినది. 2014లో ఫాల్ అవుట్ బాయ్ అను అమెరికన్ రాక్ బృందము ‘సెంచరీస్’ అను పాటను వెలువరించినప్పుడు ఆ రచయితల పట్టికలో ఈ తెలుగు అమ్మాయి పేరును ఉన్నది. అదే పట్టికలో సుజాన్ వేగా పేరును ఉన్నది. ఆమె పూర్వము పాడిన ఒక కూనిరాగమును ఆ పాట వాడుకొన్నది. తానే వ్రాసి తానే పాడు అమెరికన్ స్త్రీ ఒకతె, మన యింటి పిల్ల ఒకతె, ఒక రాక్ పాట క్రింద ప్రక్కప్రక్కన చేవ్రాలు చేసినారన్నమాట. ఇది మన పత్రికలలో పెద్దక్షరములతో రావలసిన వార్త.

ఆ తరువాత ఆమె ఇతరులకు వ్రాయుట చాలించుకొనకయే తన కొరకు వ్రాయుట ఆరంభించినది. 2016లో ‘ద కమ్ అప్’, 2019లో ‘బ్లడ్‌లైన్’ అను చిన్న సంపుటములు వచ్చినవి. పెద్ద కంపెనీల పంచనుండి బయటికి వచ్చి గాడ్‌మదర్ రికార్డ్స్ అను స్వంత సంస్థను నెలకొల్పి, 2023లో ‘ద బ్రిడ్జ్’ అను పూర్తి సంపుటమును విడుదల చేసినది. తొలి పాటలలో తాను ఎవరో ఎదుటివానికి నిరూపింపవలెనను ఆరాటము ఎక్కువ. బొట్టును గాజులను జెండావలె ఎత్తిపట్టెడిది. ‘ద బ్రిడ్జ్’ నాటికి ఆ నిరూపణ తగ్గి, రెండు దేశముల నడుమ నిలిచిన మనిషి ఒంటరితనము, ప్రేమ, అలసట పాటకు వచ్చినవి. ర్యాప్ తగ్గి గానము పెరిగినది. స్వంత సంస్థ పెట్టుటకును ఈ మార్పునకును సంబంధము లేదని ఎవరైన అన్నచో నేను ఒప్పుకొనను. భానుమతిగారికి భరణీ స్టూడియో ఏమి చేసినదో ఈమెకు ఆ సంస్థ అదే చేసినది.

కావున నా విన్నపము ఫిలింనగరుకు కాదు, శ్రీలేఖగారికి. అమ్మా, సినిమా లేని పది పాటలు మాకు ఈయుడు. సన్నివేశము చెప్పు దర్శకుడు వలదు, ఫోనులో మూడవ ట్యూనును ఎన్నుకొను నాయకుడు వలదు. ఇప్పుడు కాసెట్టు కంపెనీ గుమ్మమున నిలువనక్కరలేదు. యూట్యూబులో పెట్టిన పాట మరునాడే డల్లాసు వంటింటికి చేరుచున్నది. తెలంగాణ పల్లెపాటలు పాడు ఆడపిల్లలు ఈ మార్గముననే, బతుకమ్మ పండుగకు ఒక పాట చొప్పున విడుదల చేసి, సినిమా పిలుపు రాకముందే ఇంటింటి పేర్లైనారు. వాద్యకారులు మీ యింటికి కూతవేటు దూరములో ఉన్నారు. మీ తొలి చిత్రములలో మీ బాణీతో పేరు తెచ్చుకొన్న కవులు ఈనాడు లోకప్రసిద్ధులు, ఒక్క పిలుపు చాలును. లేదా మాటలు మీరే వ్రాయుడు. యుగళగీతము ఒక్కటియు వలదు. మొదటి పాట మీ శ్రుతిలో, అయిదో అయిదున్నరయో మీ కంఠమునకు ఏది హాయియో ఆ శ్రుతిలో, మీ గొంతుతోనే ఉండవలెను. వాద్యముల కూర్పునకును మిక్సింగునకును ఎవరిని పెట్టుకొన్నను సరియే. ఏ స్వరము ఉంచవలెనో, ఏది తీసివేయవలెనో చెప్పు చివరి మాట మాత్రము మీదై యుండవలెను.